లెక్క ఎవరికి ఒప్పజెప్పాలి?

(పొదుపు సంఘాలు, అంతర్జాతీయ ప్రాజెక్టులు, వాటి మూల్యాంకనం గురించి చేసిన స్మారకోపన్యాసం పాఠం)



మాస్టారి పేరున జరిగే ఈ సభలో మాట్లాడమని అడిగినప్పుడు నా కళ్ల ముందు ముందుగా మెదిలింది ఆయన చేతిలోని తీర్మానాల పుస్తకం. నెల్లూరు జిల్లాలో రాత్రిబడి పంతులుగా మొదలుపెట్టి, ఉద్యోగం విరమించాక కూడా ఆయన పొదుపు సంఘాల సమావేశాలకు వెళ్లి, గోడవారగా కూర్చునేవారు. పుస్తకం ఆయన రాసేవారు కాదు, రాయడం నేర్పేవారు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే: రాసింది రాసినట్టు అందరికీ చదివి వినిపించాలి, ఆ తరువాతే సంతకాలు. పొద్దుపోయిందని ఎవరైనా తొందరపడితే, "పుస్తకం మీది. మీకు తెలియని మాట అందులో ఒక్కటీ ఉండకూడదమ్మా" అనేవారు.

నా వృత్తి కూడా ఒక రకంగా పుస్తకం రాయడమే. విదేశీ నిధులతోనో, ప్రపంచ బ్యాంకు అప్పుతోనో, ఐక్యరాజ్యసమితి సాయంతోనో నడిచిన ప్రాజెక్టులు ఏం సాధించాయో పరిశీలించి నివేదిక రాయడం నా పని. ఆఫీసు తెలుగులో దాన్ని మూల్యాంకనం అంటాం. మాస్టారి మాటలో అది లెక్క ఒప్పజెప్పడం. ఎవరు, ఎవరికి, ఏ లెక్క ఒప్పజెప్పాలన్న ప్రశ్నకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. దాన్ని ఈ పూట మీ ముందు పరుస్తాను.

జర్మనీ పల్లె నుంచి మద్రాసుకు

1846–47లో జర్మనీలోని వెస్టర్‌వాల్డ్ ప్రాంతాన్ని కరువు పట్టి పీడించింది. వేయర్‌బుష్ అనే చిన్న ఊరికి మేయరుగా ఉన్న ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ రైఫైజెన్ ఊరివాళ్లను కూడగట్టి రొట్టెల సంఘం పెట్టాడు. తరువాత, 1864లో, హెడ్డెస్‌డార్ఫ్‌లో పరపతి సంఘం ఏర్పాటు చేశాడు. దానధర్మాలతో ఊరు నిలదొక్కుకోదని అనుభవం మీద తెలుసుకున్న మనిషి ఆయన. ఒకరినొకరు ఎరిగిన ఊళ్లో, ఒకరి బాకీకి అందరూ పూచీ ఉంటే, ఆస్తి లేనివాడికీ అప్పు పుడుతుందని చేసి చూపించాడు. ఆ సంఘాల్లో తాకట్టు పెట్టింది పొలాన్ని కాదు, పరస్పర నమ్మకాన్ని.

ఈ సంగతి మన దాకా మొదట వచ్చింది మద్రాసు ద్వారా. దక్కను రైతుల అప్పుల తిరుగుబాట్లూ 1876–78 నాటి కరువూ చూసిన తరువాత, మద్రాసు ప్రభుత్వం 1892లో ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని ఐరోపా పరపతి సంఘాలను పరిశీలించి రమ్మంది. ఆయన 1895లో, 1897లో రెండు సంపుటాల నివేదిక ఇచ్చాడు. చట్టాలూ నిధులూ కాదు, పల్లెపల్లెకూ రైఫైజెన్ వంటి మనిషి దొరకడం ముఖ్యమన్నది ఆ నివేదిక సారం. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. అయితే చట్టం వెతికింది రైఫైజెన్‌ను కాదు, రిజిస్ట్రారును. సంఘం పుట్టాలన్నా, నడవాలన్నా, మూతపడాలన్నా సర్కారు అధికారి చెయ్యి ఉండాల్సిందే. కాబట్టి లెక్క కూడా ఆయనకే ఒప్పజెప్పాలి. పరాయి దేశపు ఆలోచన ఒకటి మన నేల మీద నాటుకుంటున్నప్పుడు, లెక్క సభ్యుల వైపు కాకుండా పైకి ప్రవహించడం ఆ రోజే మొదలైంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ సంఘాలకు పెద్దయెత్తున పరీక్ష పెట్టింది రిజర్వు బ్యాంకు. 1951–52లో 75 జిల్లాల్లో, 600 గ్రామాల్లో గ్రామీణ రుణాల సర్వే జరిగింది. గోర్వాలా అధ్యక్షతన కమిటీ 1954లో నివేదిక ఇచ్చింది. రైతు చేసే అప్పులో సహకార సంఘాల వాటా మూడు శాతం దగ్గరే ఉందని అందులో తేలింది. అర్ధ శతాబ్ది తరువాత దొరికిన ఆ అంకె దేశాన్ని నిర్ఘాంతపరిచింది. సహకారం ఓడిపోయినా దాన్ని గెలిపించక తప్పదని కమిటీ పట్టుదలగా చెప్పింది. గెలిపించడానికి సూచించిన మార్గం మాత్రం ప్రభుత్వం వాటాదారుగా చేరడం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. సర్వే నిజాయితీగా జరిగింది, అంకెలు సరైనవే. కాని ఆ అంకెల మీద కట్టిన వైద్యం రోగి స్వభావాన్నే మార్చేసింది. ప్రభుత్వ వాటాధనంతో పాటు ప్రభుత్వ అజమాయిషీ వచ్చింది. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార చట్టం కింద ఎన్నికైన పాలకవర్గాలను పక్కనపెట్టి పర్సన్ ఇన్‌ఛార్జిలను కూర్చోబెట్టిన రోజులు మనలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. సంఘం ఎవరిదన్న ప్రశ్నను సర్వే అడగలేదు. అడగని ప్రశ్నకు దొరికిన జవాబు అది.

అదే కాలంలో, ఆ ప్రశ్నకు మరోలా జవాబు చెప్పిన ఊరు మనకుంది. 1956లో నాటి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి గారు 14 గ్రామాల రైతులతో సహకార గ్రామీణ బ్యాంకు స్థాపించారు. అప్పు ఒక్కటే ఇచ్చి ఊరుకోకుండా విత్తనం, ఎరువు, పంట అమ్మకం అన్నీ సంఘమే చూసుకుంది. సభ్యుల సొమ్ము సంఘంలో ఉంది కాబట్టి సభ్యుల కన్ను సంఘం మీద ఉంది. ఈ అనుభవాన్ని దగ్గరగా చూసినవాళ్లు, ప్రభుత్వ వాటాలేని సంఘాలకు వేరే చట్టం కావాలని ఏళ్ల తరబడి పోరాడారు. ఫలితంగా 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం మన రాష్ట్రంలో వచ్చింది. దేశంలో ఆ తరహా చట్టాల్లో అదే మొదటిది. ఆ తరువాత మరికొన్ని రాష్ట్రాలు అదే దారి పట్టాయి. ముల్కనూరు మహిళలు 2000లో పాడి సమాఖ్య పెట్టుకుని స్వకృషి పేరుతో పాలు అమ్ముతున్నది ఈ చట్టం నీడలోనే.

కొమిల్లా, గిల్గిత్, కర్నూలు

రైఫైజెన్ ఆలోచన మన దగ్గరికి రెండో దారిలోనూ వచ్చింది. ఆ దారి చుట్టుతిరుగుడుది, కాని నా మనసుకు దగ్గరైనది.

బెంగాల్ కరువు చూసి తట్టుకోలేక ఐసీఎస్ ఉద్యోగం వదిలేసిన అఖ్తర్ హమీద్ ఖాన్, 1959లో నాటి తూర్పు పాకిస్తాన్‌లోని కొమిల్లాలో గ్రామాభివృద్ధి అకాడమీకి సారథి అయ్యారు. రైఫైజెన్ సూత్రాలను అక్కడి వరిరైతుల మధ్య ప్రయోగించారు. ఊరికొక చిన్న సంఘం, వాటన్నిటి మీద ఠాణా స్థాయిలో ఒక సమాఖ్య, వారం వారం సమావేశం, వారం వారం పొదుపు. అది చూసినవాళ్లు మెచ్చుకున్నారు. ప్రభుత్వం దాన్ని దేశమంతటా విస్తరించబోయినప్పుడు మాత్రం చాలాచోట్ల స్థితిమంతుల చేతుల్లోకి పోయింది. నమూనాను తీసుకెళ్లగలిగారు కాని, దాని వెనకున్న ఓపికను తీసుకెళ్లలేకపోయారు.

కొమిల్లాలో ఆయన ప్రభావానికి లోనైన యువ అధికారి షోయబ్ సుల్తాన్ ఖాన్. 1982 చివర్లో పాకిస్తాన్ ఉత్తర కొండల్లో, గిల్గిత్ కేంద్రంగా ఆగాఖాన్ గ్రామీణ మద్దతు కార్యక్రమం ఆయన చేతుల మీదుగా మొదలైంది. ఆయన సూత్రం మూడు ముక్కలు: జనం సంఘటితం కావాలి, తమ సొమ్ము తాము కూడబెట్టుకోవాలి, పని నైపుణ్యం పెంచుకోవాలి. మన చరిత్రకు పనికొచ్చే విశేషం ఒకటి అక్కడ ఉంది. ఆ కార్యక్రమాన్ని ప్రపంచ బ్యాంకు మూల్యాంకన విభాగం 1987లో, 1990లో, 1996లో, 2002లో నాలుగుసార్లు పరిశీలించింది. ఒకే లోయలకు పదిహేనేళ్ల పాటు మళ్లీ మళ్లీ వెళ్లి చూడటం అభివృద్ధి రంగంలో అరుదు. అలా చూసినందువల్లే ఏ సంఘం నిలిచింది, ఏది పేరుకే మిగిలింది, రోడ్డు పడ్డాక ఏది అవసరం మారి రూపు మార్చుకుంది అన్నవి కాలక్రమంలో కనబడ్డాయి. చెట్టు నాటిన ఏడాదే కాయలు లెక్కపెట్టే పద్ధతికి ఇది పూర్తిగా వ్యతిరేకం.

సార్క్ దేశాలు నియమించిన పేదరిక నిర్మూలన కమిషన్ 1992లో నివేదిక ఇచ్చింది. 1993 ఢాకా శిఖరాగ్ర సభ దాన్ని ఆమోదించింది. ఆ తరువాత ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమాన్ని చేపట్టింది. దానికి షోయబ్ సుల్తాన్ ఖాన్ అనుభవమే ఆధారం. భారతదేశంలో 1995లో అది అడుగుపెట్టింది కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లోని 20 మండలాల్లో. ఓర్వకల్లు మహిళల ఐక్య సంఘం పేరు దేశమంతా తెలిసింది ఆ తరువాతే. జర్మనీ పల్లెలో కరువునాడు పుట్టిన మాట కొమిల్లా వరిపొలాల మీదుగా, గిల్గిత్ మంచుకొండల మీదుగా రాయలసీమ రాళ్లనేలకు చేరింది. సరిహద్దుకు అటూ ఇటూ రాజకీయాలు ఎంత కుతకుతలాడుతున్నా, పేదల సంఘాల అనుభవం ఆ గీత దాటింది.

దూబగుంట ఎవరి ప్రాజెక్టు?

అయితే రాయలసీమకు ఆ మాట చేరేటప్పటికే మన నేల ఖాళీగా లేదు. 1982లో యునిసెఫ్ తోడ్పాటుతో కేంద్రం గ్రామీణ మహిళా సంఘాల కోసం మొదలుపెట్టిన డ్వాక్రా పథకం ఉంది. 1992లో నాబార్డు 500 సంఘాలతో ప్రయోగంగా చేపట్టిన బ్యాంకు లింకేజీ ఉంది. వీటన్నిటికంటే బలంగా, అదే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం ఉంది.

ఆ ఉద్యమానికి నిప్పురవ్వ అక్షరాస్యత ఉద్యమం. మాస్టారు పనిచేసింది అందులోనే. చదువుకునే వాచకంలో ఒక పాఠం సారా గురించి. పాఠం చదివిన ఆడవాళ్లు పుస్తకం మూసి ఊరికే కూర్చోలేదు, సారా దుకాణం మూయించారు. ఆ పోరాటం ఊరూరా పాకింది. సారా వేలం పాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్లింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో నిలవడంతో నెల్లూరు మహిళలు రోజుకొక రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టారు. దానికి పొదుపులక్ష్మి అని పేరొచ్చింది.

దీనికి విదేశీ నిధి లేదు, ప్రాజెక్టు పత్రం లేదు, గడువు తేదీ లేదు. అందుకే తరువాత వచ్చిన ఏ మూల్యాంకనంలోనూ దీనికి గడి లేదు. ప్రాజెక్టు ప్రారంభానికి ముందు పరిస్థితిని నమోదు చేసే సర్వేను మేం బేస్‌లైన్ అంటాం. కాగితం మీద, ప్రపంచ బ్యాంకు అప్పుతో ప్రాజెక్టు వచ్చిన 2000 నుంచి మన బేస్‌లైన్ మొదలవుతుంది. ఆ మహిళల బేస్‌లైన్ మాత్రం వేలం పాట ఆపిన రోజున మొదలయింది. ఈ రెండు తేదీల మధ్య జరిగినదాన్ని ఎవరి ఖాతాలో రాయాలి? రాయకుండా వదిలేస్తే, ఊరి ఆడవాళ్లు తమ పోరాటంతో తెచ్చుకున్న ధైర్యం, పైనుంచి వచ్చిన అప్పు ఇచ్చిన ఫలితంగా నమోదయిపోతుంది.

గడుల కాగితం, గ్రామ సమాఖ్య

2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్, ఏర్పడింది. ప్రపంచ బ్యాంకు 11.1 కోట్ల డాలర్ల రుణంతో వెలుగు ప్రాజెక్టు ఆదిలాబాద్, అనంతపురం, చిత్తూరు, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మొదలైంది. 2003లో మరో 15 కోట్ల డాలర్లతో మిగిలిన 16 జిల్లాలకు విస్తరించింది. తరువాత ఇందిరా క్రాంతి పథం అని పేరు మారింది. ఇంటింటికీ తిరిగి ఊరి సభలోనే నిరుపేదలెవరో, పేదలెవరో గుర్తించారు. పది పదిహేనుగురు మహిళల సంఘాలు, గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అని మెట్లు కట్టుకుంటూ పోయారు. క్రమంగా సమావేశం, క్రమంగా పొదుపు, లోపలి అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ, ఇవి పంచసూత్రాలు. దశాబ్దం గడిచేసరికి సంఘాలు సుమారు పది లక్షలయ్యాయి, సభ్యులు కోటి దాటారు.

ఇంత పెద్ద ప్రయత్నాన్ని కొలవడానికి మా చేతిలో ఉన్న సాధనం ఏమిటి? 1969లో అమెరికా సహాయ సంస్థ కోసం తయారైన లాగ్‌ఫ్రేమ్ అనే గడుల కాగితం ఒకటి. పెట్టుబడి, చేసిన పని, ఫలితం, లక్ష్యం అని అడ్డంగా నాలుగు వరసలు. సూచిక, రుజువు, ఊహలు అని నిలువుగా గడులు. 1991లో ధనికదేశాల సహాయ కమిటీ అయిదు గీటురాళ్లు నిర్దేశించింది: ఔచిత్యం, ఫలసాధన, సామర్థ్యం, ప్రభావం, నిలకడ. 2019లో పొందిక అన్నది ఆరోదిగా చేర్చింది. ఇవి పనికిమాలినవని నేననను. ప్రజల సొమ్ము ఎటు పోయిందో అడిగే పద్ధతి ఉండటం మంచిది, లేకపోతే దోపిడీకి దారులు తెరుచుకుంటాయి. కాని ఆ గడుల కాగితంలో ఒక వింత ఉంది. మనుషులు తమంతట తాము చేసేది, ఒకరికొకరు పూచీ పడటం, ఇబ్బందిలో ఉన్న ఇంటికి వాయిదా ఇవ్వడం, ఇవన్నీ పడేది 'ఊహలు' అనే చివరి గడిలో. సంఘానికి ప్రాణమైనది కాగితంలో అంచున ఉంటుంది.

ఆ గడులు దాటి చూసిన పరిశోధన కూడా జరిగింది. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు క్లాస్ డైనింగర్, యాన్యాన్ లియూ ఆంధ్రప్రదేశ్ సంఘాల మీద 2009లో రెండు పత్రాలు ప్రచురించారు. మొదటిది కొద్ది ఏళ్ల ఫలితాన్ని చూసింది. తిండి మెరుగుపడింది, మహిళల మాటకు విలువ పెరిగింది, కాని ఆదాయం, ఆస్తి పెరిగిన దాఖలా కనబడలేదు. రెండోది మరింత కాలం ప్రాజెక్టులో ఉన్న ఊళ్లను చూసింది. అక్కడ వినియోగం, పోషణ, ఆస్తి మూడూ పెరిగాయి, నిరుపేదలకూ మేలు అందింది, ప్రాజెక్టు ఖర్చు కంటే వచ్చిన లాభం చాలా ఎక్కువ. అదే కార్యక్రమం, చూసిన కాలం వేరు, తీర్పు వేరు. మొదటి పత్రం చదివి నిధులు ఆపేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

మొదటి పత్రంలోనే మరో మాట ఉంది. అది నా వృత్తి పునాదినే కదిలించింది. మహిళల సాధికారత సంఘంలో చేరినవాళ్లలోనే కాదు, ఆ ఊళ్లలో చేరనివాళ్లలోనూ పెరిగింది. మా పద్ధతి ఏమంటే, చేరినవాళ్లను చేరనివాళ్లతో పోల్చి, తేడా ఎంతో అదే ప్రాజెక్టు ఫలం అని చెప్పడం. కాని సంఘం చేసే మేలు కంచె దాటి పక్కింటికి పోయేదైతే? పది మంది ఆడవాళ్లు బ్యాంకు మేనేజరు ముందు కుర్చీలో కూర్చున్న ఊళ్లో పదకొండో ఆమె కూడా గుమ్మం దగ్గర నిలబడిపోదు. అప్పుడు తేడా తగ్గుతుంది, ప్రాజెక్టు ఓడినట్టు కాగితం మీద కనబడుతుంది. వ్యాపారంలో పక్కవాడికి పోయింది నష్టం. సంఘీభావంలో పక్కవాడికి అందడమే ఫలం. సంఘాలను మూల్యాంకనం చేసేవాళ్లు మొదట నేర్చుకోవలసిన పాఠం ఇదే.

బీహారులోనూ ఇది రుజువైంది. మన సెర్ప్ అనుభవం, మన ఊళ్ల మహిళలే రిసోర్స్ పర్సన్లుగా వెళ్లి నేర్పిన పాఠాలు అక్కడి జీవికా ప్రాజెక్టుకు తోడయ్యాయి. 180 పంచాయతీలను లాటరీ పద్ధతిలో విడదీసి జరిపిన పరిశీలనలో, సంఘాలున్నచోట అధికవడ్డీ అప్పులు బాగా తగ్గాయని, ప్రైవేటు వడ్డీ వ్యాపారులు సైతం వడ్డీ దించారని తేలింది. సంఘంలో లేనివాడి వడ్డీ కూడా సంఘం వల్ల తగ్గిందన్నమాట. మహిళల సాధికారతలో మాత్రం రెండేళ్లకు అంత మార్పు కనబడలేదు. రెండేళ్లలో వడ్డీ దిగుతుంది, తరాల అలవాటు దిగదు.

నూటికి నూరు వసూలైన రోజులు

ఇప్పుడు చేదు అధ్యాయం చెప్పుకోవాలి. 2000ల రెండో సగంలో మన రాష్ట్రంలో సూక్ష్మరుణ కంపెనీలు ఊరూరికీ వచ్చాయి. సంఘాలు పెంచిన నమ్మకం, క్రమశిక్షణ ఆ కంపెనీలకు తయారైన పొలంలా దొరికాయి. వసూళ్లు దాదాపు నూటికి నూరు అని నివేదికలు మెచ్చుకున్నాయి. ఆ నూటిలో ఏముందో అప్పుడు మేం సరిగా అడగలేదు. ఒక కంపెనీ వాయిదా కట్టడానికి మరో కంపెనీలో అప్పు. దానికి సంఘంలో అప్పు. అందుకు చెవికమ్మలు తాకట్టు. ఏ వారం వాయిదా తప్పినా, పక్కవాళ్లంతా వచ్చి గుమ్మం ముందు కూర్చునే పరిస్థితి. రైఫైజెన్ కాలంలో రక్షణగా పుట్టిన ఉమ్మడి పూచీ ఇక్కడ ఉరితాడుగా మారింది. 2006లో కృష్ణా జిల్లాలో కలవరం మొదలైంది. 2010లో ఆత్మహత్యల వార్తల మధ్య, అక్టోబరులో ప్రభుత్వం ఆ కంపెనీలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది.

వసూలు శాతం అబద్ధం కాదు. అది అప్పిచ్చినవాడి లెక్క, తీసుకున్న ఇంటి లెక్క కాదు. అదే పుస్తకంలో ఆ ఇంట్లో ఎన్ని పూటలు పొయ్యి వెలిగిందో కూడా రాసి ఉంటే, నాలుగేళ్ల ముందే మనకు తెలిసేది.

ఆ తరువాత రాజకీయాలూ సంఘాల మీద చెయ్యి వేశాయి. రుణమాఫీ వాగ్దానాలు వచ్చినప్పుడల్లా కట్టాలా వద్దా అన్న సందిగ్ధంలో పంచసూత్రాల్లో నాలుగోది సడలింది. అప్పు మాఫీ కావడం పేద ఇంటికి ఊరట, నేను కాదనను. కాని సంఘం తన తీర్మానం తాను చేసుకోకుండా, పైనుంచి వచ్చే ప్రకటన కోసం చూడటం మొదలుపెడితే, 1904 నాటి రిజిస్ట్రారు పేరు మార్చుకుని మళ్లీ తిరిగొచ్చినట్టే.

ఇప్పటి మాట, పాత ప్రశ్న

ఈ సంఘాలను, సహకార సంఘాలను, పరస్పర సహాయ నిధులను, కార్మికులే యజమానులైన సంస్థలను కలిపి ప్రపంచం ఇప్పుడు సామాజిక సంఘీభావ ఆర్థిక వ్యవస్థ అంటోంది. డబ్బు కంటే మనిషి ముందు, ఒక మనిషికి ఒక ఓటు, మిగులు నలుగురి మేలుకు అన్నది దాని నడక. 2022 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సదస్సు దానికి నిర్వచనం ఇచ్చింది. 2023 ఏప్రిల్ 18న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ దాని మీద తీర్మానం చేసింది. దాంతో ఊళ్లలో సంఘాలు పెట్టే ప్రాజెక్టులకు తోడు, దేశాల విధానాలనూ చట్టాలనూ మార్చే ప్రాజెక్టులు పెరుగుతున్నాయి.

విధానాన్ని కొలవడం ఊరిని కొలవడం కంటే కష్టం. చట్టం చేశారా, శాఖ పెట్టారా, బడ్జెట్టు ఇచ్చారా అని టిక్కులు పెట్టుకోవడం తేలిక. బ్రెజిల్ ఏం నేర్పిందో చూడండి. 2003లో అక్కడ సంఘీభావ ఆర్థిక వ్యవస్థకు జాతీయ సచివాలయం పెట్టారు. ఆర్థికవేత్త పాల్ సింగర్ దానికి సారథి. దేశమంతా గాలించి సుమారు 22 వేల సంఘ సంస్థలను నమోదు చేశారు. 2016లో ప్రభుత్వం మారాక ఆ సచివాలయం స్థాయి దిగజారింది. 2015లో చూసిన మూల్యాంకనకర్తకు విధానం గెలిచినట్టు కనబడేది, 2017లో చూసినవాడికి ఓడినట్టు. నిజం ఆ రెండింటిలోనూ లేదు. ఆఫీసు తలుపు మూసుకున్నాక ఎన్ని సంఘాలు తమంతట తాము నిలబడ్డాయన్నదాంట్లో ఉంది. మన 1995 చట్టాన్ని కూడా అలాగే చూడాలి. ఎన్ని సంఘాలు నమోదయ్యాయో చెబితే చాలదు. అధికారి వచ్చి పాలకవర్గాన్ని రద్దు చేస్తానన్ననాడు, కుదరదని చెప్పే ధైర్యం ఎన్ని సంఘాలకు వచ్చిందో చెప్పాలి.

కాబట్టి మా వృత్తిలోకి వచ్చే యువకులకు నేను చెప్పదలచుకున్నది ఇది. ప్రాజెక్టు తేదీ నుంచి కాదు, సభ్యుల జ్ఞాపకం నుంచి చరిత్ర మొదలుపెట్టండి. సభ్యులు కానివాళ్లను, సంఘం వదిలినవాళ్లను అడగండి. ప్రాజెక్టు ముగిసిన అయిదేళ్లకు, పదేళ్లకు, నిధులిచ్చినవాళ్లు మరచిపోయాక, మళ్లీ వెళ్లండి. సంఘం బలం మామూలు రోజుల్లో తెలియదు. కరువొచ్చిన ఏడు, అప్పుల వాళ్లు గుమ్మం తొక్కిన నెల, కరోనా వచ్చి ఊరు మూతపడిన వారం ఏం జరిగిందో అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా, రాసింది తెలుగులో, సంఘం కూర్చున్నచోట, చదివి వినిపించండి.

సవరణ

ఈ చివరి మాట నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు.

ఇరవై ఏళ్ల కిందట ఒక మూల్యాంకన బృందంలో భాగంగా కర్నూలు జిల్లాలో ఒక ఊరికి వెళ్లాను. రెండు రోజులు ఒక సంఘంతో గడిపాను. ప్రశ్నపత్రం నింపుకున్నాను. బయలుదేరుతుంటే ఒక పెద్దామె అడిగింది: "రాసుకోని పోతాండావు గదా నాయనా, ఏం రాసినావో మల్ల వచ్చి మాకు చెప్తావా?" చెబుతానన్నాను. నివేదిక ఇంగ్లీషులో అచ్చయింది, పెద్ద నగరాల్లో చర్చకు వచ్చింది. ఆ ఊరికి మాత్రం నేను వెళ్లలేదు. పనుల ఒత్తిడి అని నాకు నేను చెప్పుకున్నాను. మాస్టారితో ఒకసారి ఈ సంగతి అంటే ఆయన కోప్పడలేదు. "చదివి వినిపించకుండానే సంతకం పెట్టేశావన్నమాట" అన్నారు. ఆ మాట నన్ను వదల్లేదు.

మాస్టారు పోయిన తరువాత, పోయిన ఏడాది, ఆ ఊరికి వెళ్లాను. అడిగిన పెద్దామె లేదు. సంఘం ఉంది. నివేదికలో వాళ్ల గురించి ఉన్న నాలుగు పేజీలు తెలుగులో రాసుకుని తీసుకెళ్లి చదివాను. పొదుపు సంగతి విన్నారు, సరేనన్నారు. అప్పుల పట్టిక విన్నారు, ఒకటి రెండు చోట్ల నవ్వుకున్నారు. 'సంఘం నుంచి తప్పుకున్నవారు: ముగ్గురు. బలహీనతకు సూచన' అన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపమన్నారు.

"ముగ్గురు కాదు సార్, ఇద్దరు" అంది ఆ సంఘం నాయకురాలు. "పెండ్లయి ఊరిడిసి పోయింది ఒగామె, వలసబోయింది ఒగామె. మూడో ఆమె తప్పుకోలే. సచ్చిపాయ. ఆమెకు నాలుగువేల అప్పుండె. పిల్లోల్ల మీద పడకూడదని మేం పదిమందిమి నెలనెలా ఏసుకోని కట్టినాం. ఆ పిల్లోల్లకు తెలీదు గూడా."

పాత పుస్తకం తెచ్చి చూపించారు. ఆ తీర్మానం అందులో ఉంది, పది సంతకాలతో. నేను సర్వేకు వెళ్లిన నాటికే ఉంది. ఆ రోజు పుస్తకం నా ముందే ఉంది, కాని నా ప్రశ్నపత్రంలో ఆ ప్రశ్న లేదు. ఏ సంఘీభావాన్ని కొలవడానికి అంత దూరం వెళ్లానో, దాన్నే లోపాల వరసలో రాసి వచ్చాను.

ఆ వాక్యం అక్కడే కొట్టివేసి, వాళ్లు చెప్పింది రాసి, రాసింది రాసినట్టు చదివి వినిపించాను. వాళ్లు సరేనన్నారు. అప్పుడు కొత్త తీర్మానాల పుస్తకం నా ముందుకు జరిపారు. సమావేశానికి వచ్చినవాళ్లు సంతకం చెయ్యాలి కదా అన్నారు. పది పేర్ల కింద నా పేరు రాశాను.